అలవాటు మాట్లాడుతోంది

మా ఆవిడకి మాట పోయిన రోజు ఇంట్లో అన్నీ ఎప్పట్లాగే మొదలయ్యాయి. పొద్దున్నే పాల ప్యాకెట్టు తెచ్చాను. వంటింట్లోంచి "గేటేసేరా?" అని అడిగింది. "ఏసేను" అన్నాను. సెక్టర్ టూలో మా క్వార్టర్ ముందు కాస్త జాగాలో ఆవిడ కరివేపాకు, బంతి, నాలుగు వంగ మొక్కలు పెంచేది. మా వైపు ఆవులు రోడ్ల మీదే తిరుగుతాయి. గేటు తీసి కనిపిస్తే చాలు, లోపలికొచ్చి మొత్తం మేసేసి పోతాయి. అందుకని నేను బయటనుంచి వచ్చిన ప్రతిసారీ అదే ప్రశ్న. పెళ్ళయి ఈ హిందీ ఊరొచ్చిన దగ్గర్నుంచీ అంతే. నేను స్టీలు ప్లాంటులో, రైలు పట్టాలు చేసే మిల్లులో పనిచేసినన్నాళ్ళూ, ఏ షిఫ్టు దిగి వచ్చినా నాకు ఎదురొచ్చింది ఆ మాటే.

అప్పటికి రిటైరై ఏడాది కూడా కాలేదు.

టీ గ్లాసు పట్టుకుని హాల్లోకొచ్చి మళ్ళీ "గేటేసేరా?" అంది. "ఇప్పుడే కదే చెప్పేను" అని తలెత్తాను. ఆవిడ మొహం కుడి పక్క కిందకి జారినట్టుంది. గ్లాసు వాలిపోయి టీ చీర మీద కారుతోంది. వేడి టీ. ఆవిడకి తెలీడం లేదు. "ఏటే, ఏటయ్యింది?" అంటే, నా మొహంలోకే చూస్తూ మళ్ళీ అదే అడిగింది.

పక్క క్వార్టరాయన కారు తీశాడు. పక్షవాతం, ఆస్పత్రికి వెంటనే తెచ్చారు కాబట్టి మనిషి దక్కిందన్నారు డాక్టర్లు. నడక నెమ్మదిగా వచ్చింది. కుడి చెయ్యి గ్లాసు పట్టుకునేంత వచ్చింది. మాట మాత్రం ఆ ఒక్కటే మిగిలింది. ఆకలేస్తే "గేటేసేరా?" నొప్పెడితే "గేటేసేరా?" రాయపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి మంచం పక్కన కూర్చుని ఏడుస్తుంటే, దాని తల నిమురుతూ, ఎంతో ఓదార్పుగా, "గేటేసేరా?" అంది. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి హిందీయే వస్తుంది. "మమ్మీ, క్యా బోల్ రహీ హో?" అని అడిగింది, ఏమంటున్నావని. వాళ్ళమ్మ దానివంకా నా వంకా చూసింది. తను అన్నది సరిగ్గానే అన్నానని ఆవిడ అనుకుంటోందని నాకు అప్పుడు అర్థమైంది. లోపల ఏదో పూర్తి వాక్యం తయారవుతోంది. నోటి దగ్గరికి వచ్చేసరికి గేటయిపోతోంది.

ఇంటికి తెచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్ళలో సగంమంది ఆవిడ బాగానే ఉందనుకుని వెళ్ళారు. పక్కింటావిడ గుమ్మంలోకి రాగానే మా ఆవిడ లేచి నవ్వి, "ఆయియే, బైఠియే" అంది, కుర్చీ కూడా చూపించింది. "అరే, దీదీ తో ఏక్దమ్ ఠీక్ హై!" అని ఆవిడ సంబరపడిపోయింది. ఆ తర్వాత ఏం తిన్నారని అడిగితే మా ఆవిడ పెదాలు కదిపి, కదిపి, తల దించుకుంది. ఏళ్ళ తరబడి అనీ అనీ నోట్లో ఇంకిపోయిన మాటలు కొన్ని వాటంతటవే వచ్చేస్తున్నాయి. కావాలని ఒక మాట వెతుక్కుంటే దొరకడం లేదు.

స్మృతి నగర్లో మాట నేర్పే అమ్మాయి ఉందని ఆస్పత్రిలో చెప్పారు. చిన్న గది, గోడల నిండా బొమ్మలు. ఆ పిల్ల మా అమ్మాయి కన్నా చిన్నదై ఉంటుంది. మా ఆవిడకి దువ్వెన చూపించింది, అరటిపండు చూపించింది, తాళంచెవి చూపించింది. అన్నిటికీ జవాబు ఒక్కటే. తెలుగు రాని ఆ పిల్ల ప్రతిసారీ నా వంక తిరిగి, ఏమన్నారని అడిగేది. నేను చెప్పేవాణ్ణి. అరటిపండు చూపిస్తే "గేటు వేశారా అంటోంది" అని హిందీలో చెప్పడం ఎలా ఉంటుందో ఎవరికి చెప్పను?

ఆఖర్న ఆ పిల్ల నన్ను పక్కకి పిలిచింది. "అంకుల్, ఆదత్ బోల్ రహీ హై. ఆంటీ నహీ బోల్ రహీ." ఆ మాట్లాడేది అలవాటు, ఆంటీ కాదు. ఇంట్లో అన్నీ వేళకి వేళ అమరిపోతున్నంతకాలం ఆవిడకి మాట అవసరం పడదు, అవసరం పడనిది రాదు అని వివరంగా చెప్పింది. రోజూ ఏదో ఒకటి మార్చండి. టీ ఇచ్చే చోటు మార్చండి, పడుకునే వైపు మార్చండి, చెంచా బదులు గరిటె ఇవ్వండి. ఇచ్చి, ఊరుకోండి. ఆవిడ బదులు మీరు మాట అందించకండి. కళ్ళలోకి చూస్తూ ఆగండి.

నాకు వెంటనే నమ్మకం కలిగింది. మిల్లులో సేఫ్టీ మీటింగుల్లో ఎప్పుడూ చెప్పేవారు, కొత్తవాళ్ళ కన్నా పాతవాళ్ళకే దెబ్బలు ఎక్కువ తగులుతాయని. చెయ్యి దానంతటది పోతూ ఉంటుంది, కళ్ళు చూడవు. ఎర్రగా కాలిన పట్టా పక్కన నిలబడి, నిన్నటి చెయ్యితో ఇవాళ పని చేసేసే మనుషుల్ని నేను చూశాను. ఆ పిల్ల అదే మాట మా ఇంటి గురించి చెబుతున్నట్టు అనిపించింది.

మర్నాటినుంచీ మొదలుపెట్టాను. మంచం కిటికీ వైపుకి లాగాను. గిన్నెల అర కిందకి మార్చాను. పొద్దున్న టీకి ముందు టిఫిను పెట్టాను. ఎప్పుడూ వెళ్ళే రోడ్డు మానేసి వెనకాల సందుల్లోంచి నడిపించాను. ఖాళీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ గ్లాసులోకి చూసేది. నా వంక చూసేది. పెదాలు దగ్గరికి తెచ్చేది. నుదుటి మీద చెమట పట్టేది. నేను 'నీళ్ళు' అన్న మాటని పళ్ళ మధ్య బిగబట్టుకుని కూర్చునేవాణ్ణి. చివరికి "గేటేసేరా?" అని, అది కాదని తనకే తెలిసి, గ్లాసు బల్ల మీద పెట్టేసేది.

ఒక సంగతి మాత్రం జరిగింది. మాట కోసం ఎదురుచూస్తూ ఆ మొహాన్ని అంతసేపు చూడ్డం నాకు కొత్త. గడ్డం కింద సన్నటి మచ్చ ఒకటి కనిపించింది. పాత దెబ్బ, తెల్లగా దారప్పోగులా ఉంది. ఎప్పుడు తగిలింది, ఎలా తగిలింది? నాకు తెలీదు. వేలు పెట్టి చూపిస్తూ "ఇదేటి?" అని అడిగాను. ఆవిడ ఆ మచ్చని తడుముకుని చిన్నగా నవ్వింది. ఏదో పెద్ద కథే ఉన్నట్టుంది. చెయ్యి గాల్లో పైకి లేపి, కిందకి దించి, చెంప మీద కొట్టుకుని, మళ్ళీ నవ్వింది. చెట్టెక్కి పడిందా? ఎవరైనా కొట్టారా? బొబ్బిలిలో ఉన్న వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేశాను. "నాకేటీ గుర్తు లేదు బావా. మా అమ్మ ఉంటే తెలిసీది" అంది. చెప్పగలిగిన మనిషి నా ఎదురుగానే కూర్చుని ఉంది.

మా అమ్మాయి ఆదివారాలు వచ్చేది. ఫోన్లో వీడియోలు చూపించేది. ఈ క్షణంలో ఉండండి, రోజువారీ అలవాట్లు విడిచి చూడండి, బతుకు కొత్తగా కనిపిస్తుంది అని నవ్వుతూ చెప్పే మనుషులు. "డాడీ, ఆప్ తో యహీ కర్ రహే హో" అంది. నేను చేస్తున్నదీ అదేనట. తల ఊపాను. బతుకు కొత్తగా కనిపించిన మాట నిజమే. ఖాళీ గ్లాసు ముందు భార్య మాట దొరక్క చెమట కక్కుతుంటే, ఆ క్షణంలోనే ఉండి చూడాలి. అలవాటులో అయితే తలతిప్పి పేపరు చదువుకునేవాణ్ణి. ఇప్పుడు తల తిప్పడానికి లేదు.

ఒకరోజు టీలో పంచదారకి బదులు ఉప్పు వేశాను. ఆ పిల్ల చెప్పిన ఉపాయమే. ఒక గుక్క తాగి మా ఆవిడ ఉమ్మేసి, నా వంక చూసి, స్పష్టంగా, ఒత్తి మరీ, "ఎదవ!" అంది.

నేను లేచి నిలబడ్డాను. నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. "మళ్ళీ అను, మళ్ళీ అనే!" అన్నాను. కొత్త మాట! ఆ క్షణానికి, ఆ ఉప్పుకి, నాకు సరిపోయిన మాట. ఆ సాయంత్రమే స్కూటరు మీద స్మృతి నగర్ తీసుకెళ్ళి చెప్పాను. ఆ పిల్ల మొహంలో సంతోషం రాలేదు. తిట్లూ అలవాటులోంచే వస్తాయి అంకుల్, అంది. కోపం రాగానే నోరు దానంతటదే అనేస్తుంది. ఇంకా మాట రానట్టే. "కోషిష్ జారీ రఖియే" అంది. ప్రయత్నం ఆపకండి.

తిరిగొస్తుంటే వెనకాల కూర్చున్న మా ఆవిడ ఎప్పట్లాగే నా భుజం పట్టుకుంది. ఆ చెయ్యి కూడా అలవాటేనా అనుకున్నాను. అప్పట్నుంచీ ఆ ఆలోచన నన్ను విడవలేదు. నవ్వితే అలవాటేమో. నా ప్లేటులో ముందు వడ్డిస్తే అలవాటేమో. ఆ అలవాట్లన్నీ తీసేస్తే అడుగున ఆవిడ ఎంత మిగిలి ఉంది?

చర్చిలో జరిగింది ఇంకా కష్టం. అన్నాళ్ళూ తీసుకెళ్ళలేదు. ఒక ఆదివారం తెల్లచీర కట్టించి తీసుకెళ్ళాను. మా తెలుగు చర్చిలో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే, చాలామంది ప్లాంటువాళ్ళు. గుమ్మంలోనే "వందనాలండి, వందనాలు" అని అందరికీ చేతులు జోడించింది. ఆడవాళ్ళు చుట్టూ చేరి కళ్ళు తుడుచుకున్నారు. ఆరాధన చివర అందరూ కలిసి చెప్పే ప్రార్థన మొదలైంది. నా పక్కన మా ఆవిడ గొంతు వినిపించింది. మొదట్నుంచి చివరిదాకా, ఒక్క మాట తప్పకుండా, చక్కటి గొంతుతో చెప్పింది. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమెన్ అనేసరికి ఒకరిద్దరు ఏడుస్తున్నారు. "స్తోత్రం! స్తోత్రం!" అన్నారు. పాస్టరుగారు వేదిక దిగి వచ్చారు. "ప్రభువు మన సోదరి నోరు తెరిచాడు" అన్నారు. నేను ఆయన్ని ఆపాల్సింది. ఆయన మా ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, "అమ్మా, మీ కోసం ఏ విషయమై ప్రార్థన చెయ్యమంటారు?" అని అడిగారు.

చర్చంతా ఎదురుచూసింది. మా ఆవిడ కళ్ళెత్తి, ఎంతో ఆశగా, మనసంతా పెట్టి ఆయనకి చెప్పింది.

"గేటేసేరా?"

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. పాస్టరుగారికి అర్థం కాలేదు. చర్చి గేటు వంక చూసి "వేశారమ్మా" అన్నారు. పాపం, మంచాయన. మా ఆవిడ చుట్టూ ఉన్న మొహాలు చూసింది. తను చెప్పింది వాళ్ళకి అందలేదని గ్రహించింది. నా చొక్కా పట్టుకుని లాగింది. బయటికొచ్చి స్కూటరు దగ్గర నిలబడితే, ఆవిడ కొంగు మొహాన కప్పుకుని, కప్పుకునే ఉంది. దేవుడికి ఏం చెప్పాలనుకుందో ఆయనకైనా తెలిసిందని నమ్మాలి. ఆ రోజు నేను నమ్మలేకపోయాను.

అయినా మానలేదు. ఎండాకాలం వచ్చింది. పవర్ హౌస్ మార్కెట్‌కి ఆటోలో తీసుకెళ్ళాను, ఎప్పుడూ కొనే షాపు దాటించి వేరే షాపుకి. ఆవిడకి ఇష్టంలేని బెండకాయలు కొన్నాను, వద్దంటుందేమోనని. అనలేదు. ఇంటికొచ్చాక గదిలో మంచం మళ్ళీ జరపడం మొదలుపెట్టాను. ఈసారి తలుపు వైపుకి. ఆవిడ గోడకి ఆనుకుని చూస్తోంది. మంచం కోడు నేలమీద కీచుమంది. ఆవిడ వచ్చి పరుపు మీద చెయ్యి ఆనించింది. నా మొహంలోకి చూసింది. పెదాలు దగ్గరికొచ్చాయి, విడిపోయాయి, మళ్ళీ దగ్గరికొచ్చాయి.

"వొ... ద్దు" అంది.

కోపం లేదు. అలవాటు కాదు. అడుగున ఎక్కడో తవ్వి, మోసుకొచ్చి, నా ముందు పెట్టిన మాట. ఇద్దరం దాన్ని విన్నాం. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచం అలాగే అడ్డంగా వదిలేసి నేను నేలమీద కూర్చుండిపోయాను.

ఫోన్ చేస్తే ఆ పిల్ల కేరింతలు కొట్టినంత పని చేసింది. ఇదే కావాలి అంకుల్, ఇది ఆంటీ సొంత మాట, ఇంకా మార్చండి, ఆపొద్దు అంది. మా అమ్మాయీ అదే అంది. "డాడీ, ప్లీజ్, రుక్నా మత్." నేను వాళ్ళకి ఒకటే చెప్పాను. ఇన్ని నెలలకి నోరు తెరిచి ఒక్క మాట అడిగింది, ఆ మాట నేను వినకపోతే ఇంక ఆవిడ ఎందుకు మాట్లాడాలి? ఆపితే ఆ ఒక్క మాటతోనే ఆగిపోతుందేమోనని భయం. ఆపకపోతే ఆ మాట అబద్ధమవుతుంది.

ఆపేశాను. మంచం పాత చోటికి జరిపాను. గిన్నెలు పాత అరలోకి ఎక్కించాను. కానీ ఇల్లు పాత ఇల్లు కాలేదు. చెంచా కోసం ఆవిడ కింద అర దగ్గరికి వెళ్ళి నిలబడేది, తర్వాత పైకి చూసేది, తర్వాత ఎటూ చూసేది కాదు. నాకూ అంతే. పంచదార ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండేది కాదు. టీకి ముందు టిఫినో, టిఫినుకి ముందు టీయో. కళ్ళు మూసుకుని తిరిగిన ఇంట్లో ఇద్దరం చుట్టాల్లా తిరిగాం. తను మాత్రం ఏదో మాట కోసం పెదాలు కదపడం తగ్గించేసింది. నేను బయటనుంచి వస్తే తల ఎత్తేది, అంతే. ఏమీ అడిగేది కాదు.

వానలు పడ్డాక ఒక ఉదయం నిద్ర లేపితే కళ్ళు తెరిచింది గానీ లేవలేదు. పక్షవాతం రెండో దెబ్బ. చిన్నదే అన్నారు డాక్టర్లు. ఈసారి కాలూ చెయ్యీ పెద్దగా పోలేదు. మాట పూర్తిగా పోయింది. అలవాటుదీ పోయింది, సొంతదీ పోయింది. ప్రార్థన మొదలుపెట్టి చూశాను. పెదాలు కదల్లేదు. "ఆయియే, బైఠియే" అని నేనే అందించాను. నా వంక చూస్తూ ఊరుకుంది. మేం అలవాట్లు మార్చడం వల్ల ఇలా అయిందా అని డాక్టరుని అడిగాను. అలాంటిదేం లేదు, దీనికీ దానికీ సంబంధం లేదన్నారు. స్మృతి నగర్ పిల్ల ఇంటికొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుని వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడు రమ్మంటావని నేను అడగలేదు.

ఆవిడ వద్దన్నది దేన్నో నేనిప్పటికీ తేల్చుకోలేదు. మంచం జరపడాన్నా? ఈ పాఠాలన్నిటినా? నేను ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూడ్డాన్నా? లేక ఇలా బతకడమే వద్దందా? ఒక్కసారి అంది, సగానికి విరిచి అంది. ఇంకోసారి అడిగి తెలుసుకునే దారి లేదు.

ఇప్పుడు చేసే పనులన్నీ నేను చూస్తూనే చేస్తాను. అన్నం కలపడం, ముద్ద పెట్టడం, మింగిందా లేదా అని గొంతు వంక చూడ్డం. చూపు తిప్పితే పొలమారుతుంది. రోజంతా పూర్తి ధ్యాసతో ఉంటాను. పండుగల్లో పెళ్ళిళ్ళలో కూడా ఇంత ధ్యాసగా ఎప్పుడూ లేను. దానివల్ల మనశ్శాంతి వస్తుందన్నవాళ్ళు ఏ ఇంట్లో కూర్చుని చెప్పారో తెలీదు.

మొన్న మధ్యాహ్నం తల దువ్వుతున్నాను. జుట్టు పల్చబడిపోయింది, చిక్కు తీస్తే చేతికొచ్చేస్తోంది. కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి, నెమ్మదించి ఆగింది. ఇద్దరం ఒకేసారి తలెత్తి దాని వంక చూశాం. తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. ఎవరో మనిషి ఎదురుగా కూర్చున్నాడు, చేతిలో దువ్వెన ఉంది, మెల్లగా దువ్వుతున్నాడు, అన్నంతవరకు ఆ చూపులో ఉంది. ఆ మనిషి నేనని ఉందో లేదో ఎంత చూసినా తెలియలేదు. చెమట పడుతోందని మెడ తుడిచి, జడ అల్లడం మొదలుపెట్టాను. నాకు అల్లడం ఇంకా సరిగ్గా రాదు.